కారణం అనే గడి

సెలవుల రిజిస్టర్‌లో గీతలు గీసింది నేనే. నల్ల అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్, స్కేలు, ఎర్ర పెన్ను. ఆరు గడులు: వరుస సంఖ్య, పేరు, తేదీ, ఎన్ని రోజులు, కారణం, సంతకం. మిగతా వాటికి అంగుళం చొప్పున చోటిచ్చి, కారణానికి సగం పేజీ వదిలాను. సెలవు కావాలంటే ఎందుకో వివరంగా రాయాలి, అది చదివి నేను ఒప్పుకోవాలి. అప్పట్లో నా దృష్టిలో క్రమశిక్షణ అంటే అదే. ఆరేళ్లు ఆ పుస్తకం నా టేబుల్ మీదే ఉంది.

మేం ఉండేది గుండ్లపోచంపల్లిలో. మా మామగారు ఇక్కడ స్థలం కొన్ననాడు చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఉండేవట. ఇప్పుడు ఒక దిక్కు అపరెల్ పార్కు, ఇంకో దిక్కు మైసమ్మగూడ ఇంజినీరింగ్ కాలేజీలు, కండ్లకోయ దగ్గర ఔటర్ రింగు రోడ్డు, 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు. నాలుగు గల్లీలు తిరిగితే ఒక ప్రైవేటు బడి కనిపిస్తుంది. అట్లాంటి ఒక బడిలో పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. కొన్నేళ్లుగా అకడమిక్ ఇన్‌చార్జిగా కూడా చేస్తున్నాను. బడి పేరు ఇక్కడ అవసరం లేదు. రాస్తున్నది నా తప్పుల గురించి.

ఈ పదహారేళ్లలో నేను పెట్టిన సెలవులు చాలా తక్కువ. 2022 సెప్టెంబరు 5న, టీచర్స్ డే నాడు, నూరు శాతం హాజరుకని నాకు షీల్డ్ ఇచ్చారు. "మేడమ్‌ను చూసి నేర్చుకోండి" అన్నారు కరస్పాండెంట్ సారు. కింద కూర్చున్న టీచర్లంతా చప్పట్లు కొట్టారు. వాళ్లలో పసిపిల్లల తల్లులున్నారు. మంచం పట్టిన మామను చూసుకుంటూ పరుగెత్తుకొచ్చే ఆమె ఉంది. నా సంగతి చూస్తే, పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, ఇంట్లో వంట మా అత్తమ్మ చూసుకునేది, బడికి నడిచి పోతే పది నిమిషాలు. ఈ మూడూ ఉన్న మనిషి రోజూ బడికి రావడం పెద్ద గొప్పేమీ కాదని ఆ రోజు నాకు తోచలేదు. షీల్డ్ తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టుకున్నాను.

ఇన్‌చార్జి పని పొద్దున ఆరున్నరకు మొదలయ్యేది. ఆ టైముకు ఫోన్ మోగిందంటే ఎవరో రావడం లేదన్నమాట. మా బడిలో ఒక్కో టీచరుకు రోజుకు ఎనిమిది పీరియడ్లలో ఏడు క్లాసులు, ఒక్కటి లీజర్. ఆ ఒక్క లీజర్‌లోనే నోట్సులు దిద్దాలి, డైరీ రాయాలి, బాత్రూంకు పోయి రావాలి, గుక్కెడు నీళ్లు తాగాలి. ఒక టీచరు రాకపోతే ఆమె ఏడు క్లాసులకు ఏడుగురి లీజర్ పోతుంది. దీన్ని మేం అడ్జస్ట్‌మెంట్ అంటాం. ఏ పీరియడ్‌కు ఎవరు పోవాలో తెల్ల చీటీ మీద రాసి స్టాఫ్‌రూం బోర్డుకు గుచ్చేదాన్ని. చీటీలో తమ పేరు చూసుకున్న ఏడుగురి ముఖాలు మాడిపోయేవి. ఆ కోపం రాని టీచరు మీదికి పోయేది. "ఎప్పుడూ ఆమెకే జ్వరమొస్తది" అనేవాళ్లు. పద్దెనిమిది మంది పనిచేసే చోట ఒక్క మనిషిని అదనంగా పెట్టుకుంటే ఈ గొడవే ఉండదని మాలో ఎవరం పైకి అనలేదు. నెల నెలా మేనేజ్‌మెంట్ ముందు కూర్చునే నేను అనాలి ఆ మాట. అమెరికాలో సబ్‌స్టిట్యూట్ టీచరు, ఇంగ్లండులో సప్లై టీచరు అని ఈ పనికి ఒక పేరు, ఒక జీతం ఉన్నాయి. మా దగ్గర పక్క టీచరు లీజర్‌తో ఆ ఖర్చు గడిచిపోతుంది.

నెలకు ఒక సీఎల్, అంటే క్యాజువల్ లీవు. ఆ నెల వాడుకోకపోతే పోయినట్టే, వచ్చే నెలకు కలవదు. రెండో రోజు పెడితే లాస్ ఆఫ్ పే. ఇదీ మా పద్ధతి. ఫోన్ రాగానే నా నోట్లోంచి మొదట వచ్చే మాట "ఏమైంది?" ఆ మాటలో పలకరింపు ఉండేది కాదు. విచారణ ఉండేది.

2023 వానాకాలం గుర్తుండే ఉంటుంది. జులై, ఆగస్టు నెలల్లో ఊరూరా కండ్లకలక. హాస్టళ్లలో, గురుకులాల్లో పదుల కొద్దీ పిల్లలకు సోకింది. ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున నాకు కుడి కన్ను తెరుచుకోలేదు. రెప్పలు పుసితో అతుక్కుపోయాయి. వేడినీళ్లలో ముంచిన దూదితో తుడిస్తే విడిపోయాయి, లోపల ఇసుక పోసినట్టు గరగర. అద్దంలో చూసుకుంటే కన్ను ఎర్రబొగ్గులా ఉంది. ఎఫ్ఏ-1 పరీక్షలు జరుగుతున్నాయి, ఆ రోజు ఆరో తరగతికి లెక్కల పేపరు. ఇంట్లో పాత నల్ల కళ్లద్దాలు ఉంటే పెట్టుకుని బడికి వెళ్లాను.

నేను పుట్టి పెరిగిన ఊళ్లో కండ్లకలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకుంటుందనేవాళ్లు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినా ఆ నమ్మకం నాలో ఏదో మూల అట్లాగే ఉంది. అద్దాలు పెట్టుకున్నాను కాబట్టి ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. అది చూపుతో అంటుకునే జబ్బు కాదు. కన్ను తుడుచుకున్న చేయి దేన్ని తాకితే అక్కడి నుంచి ఇంకో చేతికి, ఆ చేతి నుంచి ఇంకో కంటికి పోతుంది. నేను ఆ రోజు గంటకు పదిసార్లు కర్చీఫుతో కన్ను ఒత్తుకున్నాను. అదే చేత్తో నలభై మూడు మందికి ప్రశ్నపత్రాలు పంచాను. పెన్ను తేని పిల్లాడికి నా పెన్ను ఇచ్చాను. సాయంత్రం జవాబు పత్రాలు దిద్ది మర్నాడు చేతికిచ్చాను. మొత్తం మూడు రోజులు అట్లాగే తిరిగాను. "కన్ను అట్లుండి కూడా వచ్చింది మేడమ్" అని ప్రిన్సిపాల్ మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా.

సోమవారానికి ఆరో తరగతిలో పదకొండు మంది లేరు.

ఆ వారం మధ్యలో ఒక పిల్లాడి తల్లి బడికి వచ్చింది. అపరెల్ పార్కులో ఒక బట్టల కంపెనీలో కుట్టు మిషన్ మీద పని. వాచ్‌మన్ గేటు తీసినా లోపలికి రాలేదు, బయటే నిలబడింది. నేనే వెళ్లాను. ఆమె రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి. నేను దగ్గరికి పోబోతే చేయి అడ్డం పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"అక్కడనే ఉండుర్రి మేడం. నాకు గూడ అంటుకున్నది. లోపల పిల్లలుంటరు, నేను రాను. మావోనికి పరీక్ష మల్ల పెడ్తరా అని అడుగుదామని వచ్చిన."

పెడతామని చెప్పాను. కంపెనీకి పోతున్నావా అని అడిగాను.

"యాడ పోతా మేడం. మిషన్ కాడ కూసోనిస్తలేరు. తగ్గినంకనే రమ్మన్నరు. మూడు దినాల కూలి పాయె."

నా కన్ను అప్పటికి బాగానే తగ్గింది. ఆమె గేటు బయట నిలబడింది పిల్లలకు అంటకూడదని. నేను అదే గేటులోంచి మూడు రోజులు దర్జాగా లోపలికి వచ్చాను, హాజరు నూరు శాతం నిలుపుకోవడానికి. ఆమె కొడుక్కి ఆ కన్ను నా చేతి నుంచే పోయిందని నేను రుజువు చేయలేను, కాదని కూడా అనలేను. ఆమె మూడు రోజుల కూలి ఎంతో అడగడానికి నోరు రాలేదు. మూడు రోజులు సెలవు పెడితే నాకు పోయేది ఒక సీఎల్, రెండు రోజుల జీతం. ఆ నష్టం ఆమె మీద పడింది.

ఇంతవరకు చెప్పింది చిన్న తప్పు. దాని నుంచి నేను నేర్చుకున్న పాఠం అసలు తప్పు.

ఆ నెలాఖరు స్టాఫ్ మీటింగులో కొత్త నియమం పెట్టాను. జబ్బుతో ఎవరూ బడికి రావద్దు, ఇంట్లో ఉండండి, కానీ తిరిగి వచ్చే రోజు డాక్టరు కాగితం తేవాలి. ఒక్క రోజైనా సరే. నిజంగా జబ్బు పడ్డవాళ్లకు మేలు జరుగుతుంది, వంక పెట్టేవాళ్లు దొరికిపోతారు అని నా లెక్క. రిజిస్టర్‌లో కారణం గడి పక్కన ఇంకో సన్నని గడి గీశాను: కాగితం. తెచ్చినవాళ్లకు టిక్కు, తేనివాళ్లకు లాస్ ఆఫ్ పే. ఒక రోజు జ్వరానికి క్లినిక్కులో ఫీజు కట్టి కాగితం తెచ్చుకున్న టీచర్లున్నారు. ఆ ఫీజు వాళ్ల రోజు జీతంలో సగం పైనే అయ్యేది.

2024 ఫిబ్రవరి. యాన్యువల్ డే ప్రాక్టీసు జరుగుతోంది. రెండో తరగతి టీచరు, ఇరవై ఆరేళ్ల అమ్మాయి, షేర్ ఆటోలో వచ్చేది. పిల్లలు ఆమె కొంగు వదిలేవాళ్లు కాదు. బుధవారం పొద్దున ఆరున్నరకు ఫోన్ చేసింది.

"మేడమ్, ఇయ్యాల రాలేను."

"ఏమైంది?"

"పాణం బాగలేదు మేడమ్."

"బాగలేదంటే? జ్వరమా?"

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "ఆ... జ్వరమే మేడమ్" అంది.

జ్వరమని రాసుకున్నాను. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. శనివారం వచ్చింది. మొదటి బెల్లుకు ముందు స్టాఫ్‌రూంలో ఏడెనిమిది మంది ఉన్నారు. ఆమె లోపలికి రాగానే కుర్చీలోంచి లేవకుండానే చేయి చాచి "కాగితం?" అన్నాను.

హ్యాండ్‌బ్యాగు తెరిచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఇచ్చింది. మడత విప్పాను. జ్వరానికి రాసే చీటీ అనుకుని చూస్తే స్కానింగ్ రిపోర్టు. తొమ్మిది వారాలని ఉంది. కింద ఇన్‌కంప్లీట్ అబార్షన్ అని ఉంది. మంగళవారం రాత్రి తేదీ. నేను చదువుతున్నంతసేపూ ఆమె నా వైపు చూడలేదు, టేబుల్ మీద ఎవరిదో లంచ్ బాక్సు ఉంటే దాన్నే చూస్తూ నిలబడింది. నా పక్కన కూర్చున్న సోషల్ టీచరు మెడ తిప్పి ఆ కాగితం చూసింది. నేను అడ్డం పెట్టుకోలేదు.

కాగితం మళ్లీ మడిచి ఇచ్చేశాను. మెల్లగా "రిజిస్టర్‌లో జ్వరమనే ఉంది, అట్లాగే ఉంచుతాలే" అన్నాను. ఆమె గుట్టు కాపాడుతున్నాననుకున్నాను. తర్వాత కాగితం గడిలో టిక్కు పెట్టాను. బెల్లు కొట్టారు. ఆమె అటెండెన్స్ రిజిస్టర్ తీసుకుని క్లాసుకు పోయింది.

ఇంటికి పొమ్మనలేదు నేను. అనొచ్చన్న ఆలోచనే రాలేదు. మధ్యాహ్నం నాలుగో పీరియడ్ నుంచి గ్రౌండులో డాన్సు ప్రాక్టీసు. ఫిబ్రవరి ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పై అంతస్తు వరండాలోంచి చూస్తే ఆమె బాస్కెట్‌బాల్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కాసేపటికి మెట్టు మీద కూర్చుంది. పిల్లలు వరుసలు తప్పి అల్లరి చేస్తున్నారు. నేను ఒక పెద్ద క్లాసు పిల్లవాణ్ని పిలిచి, "టీచర్‌ను లేచి పిల్లల్ని చూసుకోమన్నానని చెప్పు" అని పంపాను. వాడు పరుగెత్తాడు. ఆమె లేచింది. ఒక చేయి పొత్తికడుపు మీద పెట్టుకుని, ఇంకో చేత్తో పిల్లల్ని వరుసలో నిలబెట్టింది.

పొద్దున ఆ కాగితం చదివిన మనిషినే మధ్యాహ్నం ఆ మాట కబురు పెట్టాను. ఎందుకు పెట్టానంటే జవాబు లేదు. రిజిస్టర్‌లో టిక్కు పడింది కాబట్టి ఆ సంగతి అయిపోయిందని నా బుర్ర అనుకుని ఉంటుంది.

నెలాఖరుకు హాజరు లెక్క పంపాను. మూడు రోజుల్లో ఒకటి సీఎల్, రెండు లాస్ ఆఫ్ పే. కాగితం తెచ్చినా సీఎల్ దాటితే కోతే, దాన్ని ఆపే అధికారం నాకు లేదు, ఆపమని అడగనూ లేదు. ఆమె జీతం పదమూడు వేల ఐదు వందలు. తొమ్మిది వందలు పోయాయి. ఆ లెక్క కింద సంతకం నాది. ఏప్రిల్‌లో బడి ఆఖరి రోజు వరకు పనిచేసి మానేసింది. పోయేటప్పుడు నాతో ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు.

మే నెలలో మా వదిన వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. ఒక సాయంత్రం డాబా మీద మామిడికాయ ముక్కలు ఎండబెట్టి, అవి తీస్తూ మాట్లాడుకుంటున్నాం. మాటల్లో ఈ సంగతి వచ్చింది. కొత్త తరం టీచర్లు చిన్నదానికీ సెలవంటారని చెప్పబోయి ఉదాహరణగా చెప్పాను, ఆ సంగతీ దాచను. వదిన చేతిలో ముక్క పళ్లెంలో పడేసి నా వైపు చూసింది.

"మూడు రోజులా? ఆరు వారాలు కదా."

"ఏం ఆరు వారాలు వదినా?"

"గర్భం పోతే ఆరు వారాలు సెలవు. జీతంతో. నాకు రెండోసారి పోయినప్పుడు అంతా వాడుకున్నా. నీకు తెల్వదా?"

తెలియదు. ఇద్దరు పిల్లల తల్లిని, పద్దెనిమిది మంది సెలవులు చూసే మనిషిని, నాకు తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. ప్రసూతి ప్రయోజన చట్టం 1961 నాటిది. అందులో తొమ్మిదో సెక్షన్ ప్రకారం గర్భస్రావం జరిగిన స్త్రీకి ఆ మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలి. అంతకు ముందు ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసి ఉంటే చాలు. రుజువు చూపించమని ఆ చట్టమూ అడుగుతుంది. కాబట్టి కాగితం అడగడం దానికదే తప్పు కాదు. ఎనిమిది మంది ముందు చేయి చాచడం తప్పు. కాగితం చదివి కూడా ఆమెకు రావాల్సింది ఇవ్వకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఈ చట్టం ప్రైవేటు బడులకు వర్తించదని వాదించే యాజమాన్యాలున్నాయి. ఆ వాదనకు తావు లేకుండా కేరళ ప్రభుత్వం 2020లో ప్రైవేటు విద్యాసంస్థల టీచర్లను దీని కిందికి తెచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, ఆరు వారాలు అందులోనూ ఉన్నాయి. వాదనల సంగతి ఎట్లా ఉన్నా, నేను ఆ వాదన చేసి ఓడిపోయినదాన్నో గెలిచినదాన్నో కాదు. నాకు అసలు సంగతే తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

వదిన ఇంకా చాలా చెప్పింది. సర్కారు టీచర్లకు ఏడాదికి పదిహేను సీఎల్‌లు, వాటికి తోడు ఏడు స్పెషల్ సీఎల్‌లు, ఆడవాళ్లకు ఇంకో ఐదు. పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేలోపు వాడుకునేలా తెలంగాణ ప్రభుత్వం 2016లో ఇచ్చిన తొంభై రోజుల చైల్డ్ కేర్ లీవు. ఏడాదికి ఇరవై రోజులు జమయ్యే అర్ధజీతపు సెలవు, డాక్టరు సర్టిఫికెట్ మీద రెండు రోజులకు ఒక రోజు చొప్పున నిండు జీతపు సెలవుగా మార్చుకునే వీలు. వీటన్నిటికన్నా నన్ను ఆపింది ఒక చిన్న మాట. సీఎల్ చీటీలో కారణం ఏం రాస్తారు వదినా అని అడిగాను.

"సొంత పని అని రాస్తాం."

"అంతేనా?"

"అంతే. సొంత పనంటే సొంత పనే కదా. దాన్ని విప్పి చూపిస్తే ఇంక సొంతమెట్లయితది?"

సర్కారు టీచర్లు బడికి రారన్న నింద ఎప్పటి నుంచో ఉంది. 2003లో ఆకస్మిక తనిఖీలతో దేశవ్యాప్తంగా చేసిన ఒక సర్వేలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో కనిపించలేదు. ఆ అంకె చాలా ఏళ్లు చెలామణి అయింది. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో చూసినప్పుడు, బడిలో లేనివాళ్లలో ఎక్కువమంది సెలవు పెట్టినవాళ్లో, వేరే డ్యూటీ మీద పోయినవాళ్లో అని తేలింది. ఏ కారణమూ లేకుండా రానివాళ్లు నూటికి రెండున్నర మంది. 2025 ఆగస్టు 1 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ముఖం చూపిస్తే గానీ హాజరు పడదు. పిల్లల చదువు పోకూడదు కాబట్టి రాని టీచరును పట్టుకోవాల్సిందే. సంతకం పెట్టి ప్లాట్లు చూపించడానికి పోయేవాళ్లను నేనూ చూశాను, వాళ్లను వెనకేసుకు రాను. కానీ నేను ఆరేళ్లు పట్టుకున్నది వాళ్లను కాదు. వచ్చి, పనిచేసి, అప్పుడప్పుడు రాలేకపోయినవాళ్లను.

ఆ సెలవుల్లోనే బడికి పోయి నల్ల అట్ట రిజిస్టర్ మొదటి నుంచి తిరగేశాను. సగం పేజీ వదిలిన కారణం గడిలో ఎక్కడ చూసినా ఒకే మాట. జ్వరం. జ్వరం. తీవ్ర జ్వరం. పాపకు జ్వరం. చలిజ్వరం. నిండు ఎండాకాలంలోనూ అదే. అంతమంది అబద్ధాలు రాశారని మొదట కోపమొచ్చింది. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను.

నాలుగో తరగతి నుంచి మేం పిల్లలకు లీవ్ లెటర్ నేర్పుతాం. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. పరీక్షలో తప్పకుండా వస్తుంది. ఏ పిల్లను లేపి అడిగినా గడగడా చెబుతుంది: "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". బోనాలకు ఊరికి పోవాలన్నా, అక్క పెళ్లయినా, అమ్మానాన్నల గొడవతో రాత్రంతా నిద్ర లేకపోయినా, చీటీలో జ్వరమే. ఆ పదం రాస్తే మార్కులు పడతాయి, సెలవూ దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఆ చీటీలు తీసుకుని సంతకం పెట్టినదాన్ని. ఆ పిల్లలే పెద్దయి టీచర్లై నా ముందు అదే చీటీ పెట్టారు. ఫోన్‌లో ఆ అమ్మాయి నోటికి జ్వరం అన్న మాట అందించింది కూడా నేనే. ఆమె పాణం బాగలేదని నిజమే చెప్పింది. ఆ మాట నా గడిలో పట్టలేదు.

జూన్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. ఫోన్ చేసి వస్తానంటే వద్దనలేదు. చాయ్ పెట్టింది. చేతులు పట్టుకుని చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి గానీ కూర్చున్నాక ఒక్కటే వచ్చింది: "అమ్మా, నీకు ఆరు వారాలు రావాలి. నాకు తెలియదు. తప్పు చేశాను." ఆమె కాసేపు గ్లాసు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చుంది.

"పైసల గురించి కాదు మేడమ్. మా అత్తమ్మకు అప్పటికి నేను చెప్పనే లేదు. ఇంట్ల చెప్పకముందే స్టాఫ్‌రూంల అందరికి తెలిసింది."

నేను తలవంచుకున్నాను. ఇప్పుడు పనిచేస్తున్న బడి ఎట్లా ఉందని అడిగాను, మాట మార్చడానికి. అక్కడ సెలవు ఫోన్‌లో ఒక యాప్‌లో పెట్టాలట.

"తేదీ నొక్కితే చాలు మేడమ్. ఎందుకని అడగదు అది. నిమ్మలంగ ఉంది."

క్షమించానని ఆమె అనలేదు. అనాలని నేను ఎదురుచూడటం కూడా న్యాయం కాదు. గేటు దాకా వచ్చి సాగనంపింది.

తిరిగొచ్చి కరస్పాండెంట్ సారుకు మూడు విషయాలు రాసి ఇచ్చాను. సీఎల్‌కు కారణం అడగొద్దు. మూడు రోజులు దాటిన జబ్బుకే డాక్టరు కాగితం, అదీ మూసిన కవరులో, ప్రిన్సిపాల్ ఒక్కరే చూడాలి. రోజూ ఖాళీగా ఉండే ఒక టీచరును అదనంగా తీసుకోవాలి. మొదటి రెండిటికి ఒప్పుకున్నారు. మూడోదానికి డబ్బుల్లేవన్నారు. ఆరు వారాల సంగతి వేరే కాగితం మీద రాసి ఇచ్చాను. చూద్దామన్నారు. అప్పటి నుంచి మొదటి మూడు పీరియడ్లు నా పేరున క్లాసు వేసుకోవడం మానేశాను. ఎవరైనా రాకపోతే మొదట పోయేది నేను. మిగతా పీరియడ్లకే అడ్జస్ట్‌మెంట్ చీటీ. పోయిన ఏడాది నాకు వైరల్ జ్వరం వస్తే నాలుగు రోజులు ఇంట్లో పడుకున్నాను, రెండో రోజుకే బడి నేను లేకుండా నడవడం అలవాటు చేసుకుంది. హాల్లో టీవీ పక్క నుంచి షీల్డ్ తీసి లోపల పెట్టేశాను.

ఆ యాన్యువల్ డే పిల్లలు ఇప్పుడు పెద్ద క్లాసులకు వచ్చారు. లీవ్ లెటర్ పాఠం చెప్పే టీచర్లను ఈ ఏడాది ఒక మాట అడిగాను: పరీక్షలో జ్వరం కాకుండా వేరే ఏ నిజమైన కారణం రాసినా, కారణమే చెప్పకుండా సొంత పని అని రాసినా మార్కులు తగ్గించొద్దని. ఒక పాప "మా తాత ఊరు నుంచి వస్తున్నాడు, నాకు ఆయనతో ఉండాలని ఉంది" అని రాసింది. తెలుగు టీచరు ఆ పేపరు నాకు తెచ్చి చూపించింది.

బడుల్లో సెలవులు చూసే నా తోటి ఇన్‌చార్జిలకు, హెచ్ఎంలకు ఒక మనవి. రేపు ఆరున్నరకు ఫోన్ మోగితే "ఏమైంది" అనకండి. "సరే, జాగ్రత్తగా ఉండు" అనండి. మీ బడిలో ఆడవాళ్లు పనిచేస్తుంటే ఆ ఆరు వారాల సంగతి కాగితం మీద రాసి స్టాఫ్‌రూంలో అంటించండి. అడగకముందే వాళ్లకు తెలియాలి.

ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. ఆ అమ్మాయి మూడు రోజులు తీసుకుంది, అందులో రెండిటికి జీతం కోశాం. మిగతా ముప్పై తొమ్మిది రోజులు ఇంకా బాకీనే ఉన్నాయి.